వినిపించే ప్రీసెట్లు చాలు, వాయించేవి ఇవ్వండి

(సాఫ్ట్‌వేర్ సింథసైజర్లకు ప్రీసెట్ ప్యాకులు తయారుచేసే సౌండ్ డిజైనర్లకు, వాటిని అమ్మే సంస్థలకు బహిరంగ లేఖ)



నవంబర్ వచ్చిందంటే మా మెయిళ్లన్నీ మీ ప్రకటనలతో నిండిపోతాయి. సీరమ్‌కి కొత్త ప్యాక్, వైటల్‌కి కొత్త ప్యాక్, డీవాకి, ఆమ్నిస్ఫియర్‌కి, పిగ్మెంట్స్‌కి కొత్త ప్యాక్. సగం ధర, పావు ధర, ఒకటి కొంటే ఇంకొకటి ఉచితం. పేర్లు చూస్తే ఒక్కటీ భూమ్మీద ఉండదు. నెబ్యులా, డార్క్ మ్యాటర్, ఈవెంట్ హొరైజన్... అంతా అంతరిక్షమే. అట్టమీద బొమ్మ కూడా అదే ఊదారంగు మబ్బు.

నేను హైదరాబాద్ కృష్ణానగర్‌లో కీబోర్డ్ ప్రోగ్రామింగ్ చేసుకుని బతికేవాణ్ణి. సినిమా పాటలు, రీరికార్డింగులు, వెబ్ సిరీస్‌లు, మధ్యలో ప్రకటనలు, భక్తి గీతాలు. మీరు చేసే సరుక్కి అసలు గిరాకీ నాలాంటివాళ్ల దగ్గరే ఉంది. అందుకే మీతో నాలుగు మాటలు చెప్పే హక్కు ఉందనుకుంటున్నాను. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, మీలో తెలుగువాళ్లు కూడా ఉన్నారు కాబట్టి. పెన్‌డ్రైవ్‌లో ‘ఇండియన్ టోన్స్’ చేసి అమ్మే విజయవాడ కుర్రాడి దగ్గర్నుంచి, అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ రాత్రిళ్లు వేవ్‌టేబుళ్లు గీసుకునే ఇంజినీరు దాకా.

నా ఫిర్యాదు ఒకటే. మీ ప్యాకుల్లో ఎక్కువ భాగం డెమోలో వినిపించడానికి తయారవుతున్నాయి. మాకు కావలసినవి వాయించడానికి.

ముందే ఒక మాట. ప్రీసెట్ వాడటం నామోషీ అనుకునే జాతి నాది కాదు. మా వృత్తిలో ‘ప్రీసెట్ బ్యాచ్’ అని వెక్కిరించేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. సొంతంగా సైన్ తరంగం నుంచి మొదలుపెట్టి ధ్వని కడితేనే కళ అని వాళ్ల వాదన. చరిత్ర ఆ మాటని ఒప్పుకోదు. 1970లో వచ్చిన మినీమూగ్‌కి జ్ఞాపకశక్తి లేదు. కుదిరిన ధ్వనిని దాచుకోవాలంటే నాబ్‌లు ఎక్కడున్నాయో కాగితం మీద బొమ్మ గీసుకోవాల్సిందే. కచేరీ మధ్యలో బాస్ నుంచి లీడ్‌కి మారాలంటే చీకట్లో తడుముకోవాలి. 1978లో డేవ్ స్మిత్ తన ప్రొఫెట్-5లో మైక్రోప్రాసెసర్ పెట్టి నలభై ధ్వనులు దాచుకునే వీలు కల్పించాడు. మీ వ్యాపారానికి పునాది పడింది ఆ రోజే.

ఐదేళ్లు తిరిగాక 1983లో యమహా డీఎక్స్7 వచ్చింది. స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కనిపెట్టిన ఎఫ్ఎం పద్ధతిని యమహా లైసెన్సు తీసుకుని చేసిన యంత్రం. ఆరు ఆపరేటర్లు, వాటిని కలిపే ముప్పైరెండు అల్గారిథంలు, నాబ్‌లేమో లేవు. చిన్న తెరలో ఒక్కో అంకె మార్చుకుంటూ పోవాలి. కొన్నవాళ్లలో చాలామంది ఆ జోలికే పోలేదు. డేవ్ బ్రిస్టో, గ్యారీ ల్యూన్‌బర్గర్ లాంటివాళ్లు పనిచేసి ఇచ్చిన ఫ్యాక్టరీ ధ్వనులే ప్రపంచమంతా మోగాయి. అందులోని ఎలక్ట్రిక్ పియానో వినని చెవి ఎనభైల్లో ఉండే అవకాశం తక్కువ. ప్రేమ పాట అంటే అదే అనిపించేంతగా పాతుకుపోయింది. తర్వాత 1987లో రోలాండ్ డీ-50, 1988లో కోర్గ్ ఎం1. డీ-50లోని ‘ఫాంటసియా’, ఎం1లోని పియానో, ఆర్గన్ రకాలు ఎంత మోగాయో చెప్పాలా? డీ-50 ధ్వనులు కట్టినవాళ్లలో ఒకడైన ఎరిక్ పర్సింగ్ తర్వాత స్పెక్ట్రాసోనిక్స్ పెట్టి ఆమ్నిస్ఫియర్ చేశాడు. ప్రీసెట్లు చేసిన చేయే చివరికి సొంత వాయిద్యం కట్టింది.

వీళ్లందరికంటే నాకు ఇష్టమైన కథ ఒకమ్మాయిది. హిరోకో ఒకుడా. జపాన్‌లో సంగీత కళాశాలలో చదివింది. రెగ్గే సంగీతం అంటే ప్రాణం. 1980లో కాసియోలో చేరింది. ఎంటీ-40 అనే చిన్న కీబోర్డులోకి రిథంలు, బాస్ నమూనాలు చేసిపెట్టడం ఆమె పని. అందులో ‘రాక్’ అనే బటన్ వెనక ఉన్న నమూనా జమైకాకి చేరి, 1985లో వేన్ స్మిత్ పాడిన ‘అండర్ మి స్లెంగ్ టెంగ్’ పాటకి వెన్నెముక అయింది. డిజిటల్ రెగ్గే అనే శాఖకి తలుపు తీసిన పాట అది. ఆ ఒక్క నమూనా మీద తర్వాత వందల పాటలు కట్టారు. బటన్ నొక్కినవాళ్ల పేర్లన్నీ చరిత్రకెక్కాయి. ఆ నమూనా చేసిన మనిషి పేరు మాత్రం లోకానికి చాలా ఆలస్యంగా తెలిసింది. దీని సంగతి కింద మళ్లీ ఎత్తుతాను.

ఇవన్నీ ఎందుకు చెప్పానంటే, ఆ ధ్వనులన్నిటికీ ఒక ఉమ్మడి గుణం ఉంది. అవి చేతికింద బాగుంటాయి. డీఎక్స్7 పియానోని మెత్తగా నొక్కితే గంటలాంటి మెరుపు తగ్గుతుంది, గట్టిగా కొడితే లోహం పలుకుతుంది. వెలాసిటీని ఆపరేటర్ల స్థాయికి ముడిపెట్టడం వల్ల వచ్చిన ప్రాణం అది. చేసినవాళ్లు స్వయంగా వాయించేవాళ్లు. వాయించి చూసి, వేలికి ఎక్కడ బదులు రాలేదో అక్కడ సరిచేశారు.

ఇప్పుడు మీ ప్యాకుల్లోంచి మామూలుగా దొరికే ఒక ‘సినిమాటిక్ ప్యాడ్’ తెరుద్దాం. ఏ కంపెనీదో చెప్పను, చెప్పాల్సిన పనీ లేదు. ఎవరిది తెరిచినా ఇంచుమించు ఇదే.

ఒక్క మీట నొక్కగానే గది నిండిపోతుంది. అబ్బో అనిపిస్తుంది. మూడు మీటలు కలిపి నొక్కితే ముద్ద. ఎందుకో చూద్దామని లోపలికి వెళ్తే, రెండు ఆసిలేటర్లలోనూ సా తరంగం, ఒక్కోదానికి ఏడు యూనిసన్ స్వరాలు. 1996లో రోలాండ్ జేపీ-8000 తెచ్చిన ‘సూపర్ సా’ కిటుకు ఇన్నేళ్లైనా వదల్లేదు. దానిమీద కోరస్, దానిమీద డిలే, దానిమీద గుడిగోపురం లోపల పెట్టినంత రివర్బ్. అన్నిటికీ చివర మల్టీబ్యాండ్ కంప్రెసర్ నూటికి నూరుపాళ్లు. (ఓటీటీ అని మీరంతా మోజుపడే ఆ కంప్రెసర్ కూడా మొదట ఏబుల్‌టన్ లైవ్‌లో ఒక ప్రీసెట్టే. ‘ఓవర్ ద టాప్’ అని పేరులోనే మితిమీరుతున్నానని చెప్పుకుంది పాపం.) ఇప్పుడు ఒక్కొక్క ఎఫెక్టూ ఆపుకుంటూ వెళ్లండి. రివర్బ్ పోయింది. కంప్రెసర్ పోయింది. డిలే పోయింది. మిగిలింది ఏమిటి? చాలా సింథ్‌లలో ఖాళీ ప్యాచ్ తెరిస్తే మొదట పలికే ఆ సా తరంగమే. షోరూం లైట్ల కింద చూసి మురిసిన చీర ఇంటికొచ్చాక రంగు వెలిసినట్టు కనపడితే ఎలా ఉంటుందో, సరిగ్గా అలా ఉంటుంది.

ఇక మాడ్ వీల్ తిప్పితే ఏమీ కాదు. మెత్తగా నొక్కినా గట్టిగా కొట్టినా ఒకటే మోత, ఎందుకంటే వెలాసిటీ దేనికీ కలపలేదు. వైటల్‌లో నాలుగు మాక్రో నాబ్‌లు ఇచ్చారు కదా, వాటికి ‘మాక్రో 1’, ‘మాక్రో 2’ అన్న పుట్టుపేర్లే ఉంటాయి, లోపల ఒక్కటో రెండో కలిసి ఉంటాయి. కలిపినవాటిలో ఒకటి తిప్పితే స్పీకర్లు అదిరిపోయేంత మోత వస్తుంది. అవుట్‌పుట్ స్థాయి ముందే ఎర్రగీత దాటి ఉంటుంది. ఎందుకంటే పక్క ప్యాక్ కంటే గట్టిగా మోగితేనే డెమోలో బాగుందనిపిస్తుంది. చెవి మోసపోయే తీరు అది, మీకు బాగా తెలుసు.

డెమో వీడియో సంగతి వేరే చెప్పాలి. అందులో ప్రీసెట్ ఒక్కటే ఉండదు. కింద డ్రమ్స్, పక్కన బాస్, పైన గాయని గొంతు ముక్క, మొత్తం మీద మాస్టరింగ్. కొన్నవాడు ప్రీసెట్ తెరిచి ‘ఇదేనా అది’ అని పేరు రెండుసార్లు చూసుకుంటాడు. ఉత్తి ధ్వనిని, ఒక్క ఎఫెక్టూ లేకుండా, ఒక నిమిషంపాటు నెమ్మదిగా వాయించి చూపించే డెమో పెట్టిన డిజైనర్లు కొద్దిమంది ఉన్నారు. వాళ్ల ప్యాకులు ధర తగ్గించకపోయినా కొంటాను.

మా పని ఎలా ఉంటుందో కొంచెం చెప్పనివ్వండి. రీరికార్డింగ్‌లో మా మీద పెత్తనం సంభాషణది. తండ్రీకూతుళ్లు మాట్లాడుకుంటుంటే వెనక ప్యాడ్ ఉండాలి, ఉన్నట్టు తెలియకూడదు. మాట స్పష్టంగా అర్థమయ్యేది సుమారు 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్యలో. మీ ప్యాడ్ సరిగ్గా అక్కడే మెరుస్తూ కూర్చుంటుంది. డైరెక్టర్ వెనక్కి తిరిగి ‘డైలాగ్ మింగేస్తోంది, తగ్గించండి’ అంటాడు. స్థాయి తగ్గిస్తే ప్యాడ్ మొత్తం చచ్చిపోతుంది, కావలసింది ఫిల్టర్ మూయడం. ఫిల్టర్ ఒక మాక్రోకి కలిపి ఉంటే అది ఒక్క వేలి పని. లేకపోతే మాడ్యులేషన్ పట్టిక తెరిచి, మీరు ఏది దేనికి ముడిపెట్టారో విప్పుకుంటూ కూర్చోవాలి. అదయ్యేలోపు నాలుగు సీన్లు దాటిపోతాయి. రెండున్నర గంటల సినిమాకి రీరికార్డింగ్ చేయడానికి మాకు దొరికేది వారాలే, అందులో సగం చివరి మార్పులకే పోతుంది.

మిక్సింగ్ ఇంజినీర్‌ది ఇంకో గొడవ. ఆయన దగ్గర ఆయన రివర్బ్‌లు ఉంటాయి. థియేటర్‌లో ఆ ధ్వని ఎంత దూరంలో ఉండాలో నిర్ణయించేది ఆయన. మీ ప్రీసెట్‌లో విడదీయలేకుండా కలిపేసిన రివర్బ్‌తో ట్రాక్ పంపితే ‘డ్రై పంపండి సర్’ అని ఫోన్. డ్రై పంపితే ఏం మిగులుతుందో పైన చెప్పాను. కనీసం ఒక్క మాక్రోని రివర్బ్‌కీ డిలేకీ కేటాయించండి. సున్నాకి తిప్పితే పూర్తిగా పోవాలి, పోయాక కూడా ధ్వని నిలబడాలి. కొందరు చేస్తున్నారు. అందరూ చేయలేకపోవడానికి కారణం కనిపించదు.

ఇక మా ప్రాంతపు అవసరం. మా పాటల్లో లీడ్ వాయించేవాడికి గమకం కావాలి. తోడి రాగం తీసుకోండి. అందులో గాంధారం నిలకడగా ఒకచోట ఉండదు, రిషభం వైపు నుంచి మధ్యమం వైపు ఊగుతూ ఉంటుంది. కీబోర్డు మీద చూస్తే ఆ గాంధారానికి కింద రిషభం రెండు సెమీటోన్ల దూరం, పైన మధ్యమం మరో రెండు. పిచ్ బెండ్ హద్దు అటు రెండు, ఇటు రెండు అని ఉంటే బొటనవేలు కదిపే దూరమంతా ఆ రాగానికి అతికినట్టు సరిపోతుంది. చాలా సింథ్‌లలో పుట్టుకతో ఉండే హద్దు కూడా అదే. మీరు మాత్రం డబ్‌స్టెప్ పద్ధతిలో ధ్వనిని పైనుంచి కిందికి దూకించడం కోసం దాన్ని పన్నెండుకో ఇరవైనాలుగుకో మార్చి దాచేస్తారు. వేలు వెంట్రుకవాసి కదిలితే స్వరం ఎక్కడికో పోతుంది. ప్యాక్ తెరవగానే ప్రతి ప్రీసెట్‌లోనూ ఆ అంకె వెతికి మార్చుకోవడం మాకు అలవాటైపోయింది. ఎఫెక్టు ధ్వనులకి ఎంతైనా పెట్టుకోండి. లీడ్ అని పేరు పెట్టినవాటిని రెండు దగ్గర ఉంచండి, లేదా హద్దుని వివరాల్లో రాయండి.

బెండ్ ఒక్కటే చాలదు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారినప్పుడు ఎన్వలప్ మళ్లీ మొదటినుంచి మొదలుకాకూడదు. దాన్ని లెగాటో అంటారని మీకు చెప్పక్కర్లేదు. మోనో పెట్టి లెగాటో మరిచిపోయిన లీడ్‌లు ఎన్నో. ‘సరిగమ’ అని కలిపి పలకాల్సిన చోట ‘స’, ‘రి’, ‘గ’, ‘మ’ అని నాలుగు మొట్టికాయలు పడతాయి. పైగా గ్లైడ్ కాలం ఎంత పెట్టాలో మాక్రోలో ఉండదు. విలంబంలో వాయించే జారుకి, ద్రుతంలో వాయించే జారుకి ఒకే కాలం ఎలా సరిపోతుంది?

రాగం సింథ్ మీద పలకదని అనేవాళ్లకి ఒక రికార్డు చూపిస్తాను. ముంబై సినిమా స్టూడియోల్లో వాయించే చరణ్‌జిత్ సింగ్ 1982లో ‘సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్’ చేశాడు. రోలాండ్ జూపిటర్-8, టీబీ-303, టీఆర్-808. మూడే యంత్రాలు. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలయ్యాక, చికాగోలో యాసిడ్ హౌస్ పుట్టడానికి ముందే ఈ శబ్దం ఎక్కడిదని ప్రపంచం ఆశ్చర్యపోయింది. రాగానికి సింథ్ అడ్డం కాదని నలభై ఏళ్ల కిందటే తేలిపోయిన సంగతి. అడ్డం పడేది వాయించే తీరు తెలియకుండా చేసిన అమరికలు.

మన వాయిద్యాల విషయంలో మీ పట్టికలు ఎక్కడ మొదలయ్యాయో, అక్కడే ఆగిపోయాయి. 1991లో జనరల్ మిడి అనే ప్రమాణం వచ్చినప్పుడు అందులో 128 ధ్వనులకి వరస ఖాయం చేశారు. 105 నుంచి 112 దాకా ‘ఎత్నిక్’ అనే గుంపు. సితార్, బాంజో, జపాన్ షామిసెన్, కోటో, ఆఫ్రికా కలింబా, బ్యాగ్‌పైప్, ఫిడిల్, చివర షెహనాయి. మన దేశం మొత్తానికి రెండు. ఇప్పటికీ మీ ప్యాకుల్లో ‘ఇండియా’ అన్న విభాగం తెరిస్తే సితార్‌లాంటి జివ్వుమనేదొకటి, దానికింద తంబూరలాంటి డ్రోన్, అంతే. ‘బాలీవుడ్’ అని ముద్ర. వీణ ఎక్కడ? నాదస్వరం ఎక్కడ?

శాంపిల్ చేసి పెట్టమని అడగటం లేదు. శాంపిల్ వీణలు దొరుకుతాయి, ఒక్కో స్వరం బ్రహ్మాండంగా ఉంటుంది, పాట వాయిస్తే విడివిడిగా రాలిపోతుంది. సింథ్‌లో చేయగలిగింది వేరే ఉంది. వీణ మీద మెట్టు దగ్గర తీగని పక్కకి లాగితే స్వరం పైకే వెళ్తుంది, కిందికి పోదు. అంటే బెండ్ చక్రాన్ని పైకి మాత్రమే పనిచేసేలా అమర్చాలి. మీటు పడిన క్షణంలో మెరుపు, వెంటనే మెత్తదనం, తర్వాత పొడుగాటి నాదం. ఆ నాదం తగ్గుతూ ఉండగానే లాగుడు సాగుతుంది, కొత్త మీటు పడదు. పక్కనున్న మూడు తాళం తీగలు వేరే పలుకుతాయి, వాటిని ఒక కీ-జోన్‌లో ఎడమచేతికి ఇవ్వొచ్చు. తీగ ధ్వనికి 1983 నాటి కార్‌ప్లస్-స్ట్రాంగ్ పద్ధతి ఉంది, దాని బంధువులు ఇవాళ చాలా సింథ్‌లలో ఉన్నాయి. అచ్చం వీణలా వినపడక్కర్లేదు. వీణలా చేతికి లొంగితే చాలు. అలాగే నాదస్వరం ప్రాణమంతా ఊపిరి ఒత్తిడిలో ఉంది. ఆఫ్టర్‌టచ్‌నో బ్రెత్ కంట్రోలర్‌నో దానికి కలపకుండా ఎంత ముక్కు శబ్దం చేర్చినా అది కారు హారనే అవుతుంది.

యంత్రాంగం లేదనడానికి వీల్లేదు. ప్రతి వేలికీ విడిగా పిచ్, ఒత్తిడి పంపే ఎంపీఈ పద్ధతి 2018లోనే ప్రమాణం అయింది. సర్జ్ అనే సింథ్‌ని క్లేస్ యొహాన్సన్ అదే ఏడాది ఓపెన్ సోర్స్ చేస్తే, దాన్ని పెంచినవాళ్లు శ్రుతుల అమరికని కూడా ఫైలుగా ఎక్కించుకునే వీలు పెట్టారు. డబ్బులు అడగని సింథ్‌లో ఉన్న సదుపాయాన్ని డబ్బులు తీసుకునే ప్యాకులు వాడుకోకపోవడం ఏమిటి?

డబ్బు మాట వచ్చింది కాబట్టి వైటల్ సంగతి. మ్యాట్ టైటెల్ 2020లో దాన్ని విడుదల చేసినప్పుడు సింథ్ మొత్తం ఉచితంగా ఇచ్చేశాడు. ఆసిలేటర్లు, ఫిల్టర్లు, మాడ్యులేషన్, ఒక్కటీ తగ్గించలేదు. డబ్బులు పెట్టింది ప్రధానంగా ప్రీసెట్లకి, వేవ్‌టేబుళ్లకి. పాతిక డాలర్ల మెట్టు, ఎనభై డాలర్ల మెట్టు అని. మొన్న 2025లో సీరమ్ 2 వచ్చినప్పుడు దాన్ని చేసిన స్టీవ్ డూడా పాత కొనుగోలుదారులకి కొత్త సింథ్‌ని ఊరికే ఇచ్చాడు. యంత్రం ధర అలా పడిపోతూ, అందులో వేసే అమరికల ధర నిలబడుతోంది. ఒకప్పుడు సింథ్ కొంటే ప్రీసెట్లు కొసరు. ఇప్పుడు ప్రీసెట్టే సరుకు. సరుకు అయినప్పుడు తూకం అడుగుతారు.

తూకం అంటే సంఖ్య అనుకుంటున్నారు మీరు. ‘ఐదొందల ప్రీసెట్లు’, ‘వెయ్యి ప్రీసెట్లు’ అని అట్టమీద పెద్ద అక్షరాలు. వాటిలో ఒకే బాస్ ఫిల్టర్ కొంచెం అటూ ఇటూ తిప్పి పదిసార్లు దాచినది ఎంత ఉంటుందో మాకు తెలుస్తుంది. పేరుకి ముందు బీఎస్, ఎల్‌డీ, పీడీ, పీఎల్ అని గుర్తు పెట్టే మంచి అలవాటు కొందరికి ఉంది, ఆ గుర్తు చూసి బాసో లీడో ప్యాడో తెలుసుకుంటాం. తర్వాత వచ్చే పేరు మాత్రం కవిత్వమే. అర్జంటుగా ‘కొంచెం గాలి కలిసిన, మెత్తటి, అడుగు లేని ప్యాడ్’ కావాలంటే ‘సోరో ఆఫ్ అట్లాంటిస్’లో వెతకాలని నాకెలా తెలుస్తుంది? ట్యాగులు పెట్టడం విసుగు పని. ఆ విసుగు పనికే మేం డబ్బులిస్తున్నాం.

మన్నిక గురించి కూడా. డీఎక్స్7లో ఒక ధ్వని పట్టే చోటు 128 బైట్లు, పేరుకి పది అక్షరాలు. ముప్పైరెండు ధ్వనుల బ్యాంకు ఫైలు 4,104 బైట్లు. ఆనాడు ఎవరో చేసి దాచిన బ్యాంకుని ఈ రోజు డెక్స్‌డ్ అనే ఉచిత సింథ్‌లో పడేస్తే చక్కగా తెరుచుకుంటుంది. నలభై ఏళ్లు దాటింది. మీరు నిరుడు అమ్మిన ప్యాక్‌ని ఈ ఏడాది తెరిస్తే ‘శాంపిల్ ఫైలు దొరకలేదు’ అంటుంది, లేదా సింథ్ కొత్త వెర్షన్ కావాలంటుంది. సగంలో ఆగిన సినిమా రెండేళ్లకి మళ్లీ మొదలైతే, హీరోయిన్ థీమ్‌లోని గంట శబ్దం ఎక్కడికి పోయిందో వెతుక్కోవాలి. కావలసిన శాంపిళ్లన్నీ ప్యాక్‌లోనే పెట్టండి. ఏ వెర్షన్‌లో చేశారో ఫైలు పేరులో రాయండి. ఇంతకంటే ఎక్కువ అడగను.

ఇప్పుడు ఒకుడా గారి మాట. సింథ్‌లలో ప్రీసెట్ పక్కన ‘రచయిత’ అని ఒక గడి ఉంటుంది. చాలా ప్యాకుల్లో అక్కడ కంపెనీ పేరు ఉంటుంది, లేదా ఖాళీ. పని చేసినవాడికి ఒక మొత్తం ఇచ్చి పంపేసి పేరు మింగేస్తారు. హన్స్ జిమ్మర్ ‘డార్క్ నైట్’ సంగీతానికి వాడిన జీబ్రా సింథ్ ధ్వనులు 2012లో ‘ద డార్క్ జీబ్రా’గా బయటికి వచ్చినప్పుడు జిమ్మర్ పేరు పక్కన హోవర్డ్ స్కార్ పేరూ ఉంది. అంత పెద్దాయన పక్కన సౌండ్ డిజైనర్ పేరు పట్టగా లేనిది, మీ ప్యాక్‌లో గడి నింపడానికి ఏం అడ్డం? నాకు ఒక ధ్వని నచ్చితే దాన్ని చేసినవాడి మిగతా పనీ వెతుక్కుని కొంటాను. మీకే లాభం.

పెన్‌డ్రైవ్ టోన్స్ చేసే మన కుర్రాళ్లకి కూడా ఇదే చెప్తున్నాను. పెళ్లి ఆర్కెస్ట్రాలు, చర్చి ఆరాధనలు, భజన బృందాలు నడుస్తున్నది మీ టోన్స్ మీద. యమహా, రోలాండ్, కోర్గ్ కీబోర్డుల్లో మన చెవికి తగ్గ ధ్వనులు లేని లోటు తీర్చింది మీరే, పెద్ద కంపెనీలు కాదు. కానీ షెహనాయి, నాదస్వరం, క్లారినెట్ రికార్డు చేసుకున్నప్పుడు ఆ వాయించినాయన ఎవరో ఎక్కడా రాయరు. ఆయనకి ఇచ్చింది ఒక పూట బేటా, మీరు అమ్మేది ఏళ్లతరబడి. పేరు వేయండి, వాటా ఇవ్వండి. ఇంకొకరి ప్యాక్‌లోంచి ఎత్తి పేరు మార్చి కలిపేయడం మానండి. వాడేవాళ్లం మాలోనూ దొంగతనం తక్కువేం లేదు. ఒక్కడు కొంటే గ్రూపులో పదిమందికి లింకు పోతుంది. నూట యాభై రూపాయల టీ టిఫిన్‌కి వెనకాడనివాళ్లు మూడొందల ప్యాక్ దగ్గర క్రాక్ వెతుకుతారు. అలాంటివాళ్లకి మంచి ప్యాకులు అడిగే నోరు లేదు, ఆ మాట కూడా ఇక్కడే అనేస్తున్నాను.

ఫలానా సంగీత దర్శకుడి ‘స్టైల్’ ప్యాకుల గురించి పెద్దగా చెప్పేది లేదు. ఆయన ధ్వని ఆయన ఏ స్వరం మీద ఎప్పుడు ఆగుతాడన్న దాంట్లో ఉంది, అది ఫైలులో రాదు. కొనేవాళ్లకి నా మాట: కొనకండి.

డిజైనర్లకి నా మనవి. మీ తర్వాతి ప్యాక్ బయటికి పంపేముందు ఎఫెక్టులన్నీ ఆపేసి, ప్రతి ప్రీసెట్‌నూ ఐదు నిమిషాలు వాయించండి. మెత్తగా, గట్టిగా, ఒక్క స్వరంతో, నాలుగు స్వరాలతో, బెండ్ చక్రం మీద చేయి పెట్టి. వాయించడం రాకపోతే వాయించేవాణ్ణి పిలిచి కూర్చోబెట్టండి, మా దగ్గర అలాంటివాళ్లు చాలామంది ఖాళీగానే ఉన్నారు. ఆ పరీక్షకి నిలవనివి తీసేయండి. చివరికి నలభై మిగిలితే నలభైతోనే అమ్మండి, తగ్గింపు ఏమీ వద్దు, పూర్తి ధరకే కొంటాం.

ఇట్లు,
ఒక కీబోర్డ్ ప్రోగ్రామర్,
కృష్ణానగర్, హైదరాబాద్.